కార్బన్ ఫైబర్ మాగాయ

ముందే ఒప్పేసుకుంటున్నాను

నేను పెంచి చెబుతాను. నేను పుట్టినప్పుడు పెట్టిన కేకకి అద్దంకి సంతలో ఎద్దులు బెదిరాయని మా అమ్మ చెప్పేది. మా ఊరికీ అద్దంకికీ మధ్య ఏడు మైళ్లు. ఈ విద్య నాకు ఎవరి నుంచి వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

కాబట్టి ఇందులో నలభై అని ఉన్నచోట నాలుగు అనుకోండి. "బస్సంతా" అని ఉన్నచోట రెండు సీట్లు అనుకోండి. ఉప్పునీళ్ల గురించి, వాటిలో నానిన కార్బన్ ఫైబర్ గురించి చెప్పేవి మాత్రం పెంచను, తగ్గించను. వాటితో ఆడుకుంటే మనుషులు మునిగిపోతారు.

ఒక్కచోట మాత్రం పెంచడం కాదు, పూర్తిగా అల్లాను. అదెక్కడో ఇప్పుడే చెబితే మీరు అక్కడిదాకా చదివి కాగితం మడిచేస్తారు. చివర్లో చెబుతాను.

జీతమిచ్చి విరగ్గొట్టించే ఉద్యోగం

గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెటీరియల్స్ ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్లు ఇంజనీరుగా పనిచేశాను. యాభై మూడో ఏట స్వచ్ఛందంగా విరమించాను. పెద్ద కారణమేమీ లేదు. ల్యాబ్‌ని మూడో అంతస్తుకి మార్చారు, నా మోకాళ్లు కింది అంతస్తులోనే ఉండిపోతామన్నాయి. ఈమధ్య ఆ పనిలోకి కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు ఇంటికొచ్చి, "సార్, ఈ ఉద్యోగంలో అసలేం చేస్తారు?" అని అడిగారు. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి ఎవరైనా చెబుతారు. నేను వాళ్లకి ఒక తెడ్డు కథ చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మా పని వస్తువుల్ని విరగ్గొట్టడం. చిన్నప్పుడు ఇదే పని ఇంట్లో చేస్తే వీపు చిట్లేది, పెద్దయ్యాక చేస్తే జీతమిచ్చారు. ల్యాబ్ మధ్యలో ఒక యంత్రం ఉండేది. ముక్కని దవడల్లో బిగిస్తే లాగుతుంది, లేదా పైనుంచి నొక్కి వంచుతుంది. విరిగేదాకా వదలదు. ఎంత బరువుకి విరిగిందో చెబుతుంది. దానికి మేం పెట్టుకున్న పేరు పెద్దమ్మ. పెద్దమ్మ పని మొదలుపెడితే బ్రాడీపేటలో వంటగిన్నెలు కదిలేవి.

మిర్చి సీజన్ వస్తే మాకు ఇంకో కష్టం. ఫిబ్రవరి నుంచి ఊరి గాలంతా ఘాటు. మా దగ్గర ఈగ వాలినా లెక్క మార్చేసే సున్నితమైన కాటా ఒకటుండేది. దాని దగ్గర తుమ్మడం నిషేధం. ఒకసారి ఆపుకోలేక నేను తుమ్మితే పదమూడు ముక్కలు గాల్లోకి లేచాయి. పన్నెండు దొరికాయి. పదమూడోది ఇప్పటికీ గాల్లోనే ఉందని నా నమ్మకం.

ల్యాబ్‌కి పెద్ద రామశేషయ్య గారు. మేం మేష్టారూ అనేవాళ్లం. బాపట్ల వైపు పౌరోహిత్యం కుటుంబం. మంత్రంలో స్వరం తప్పితే ఫలం మారిపోతుందని నమ్మే ఇంట్లో పెరిగారు గనక దశాంశ బిందువు దగ్గర కూడా ఆయనకి అదే భక్తి. పరీక్ష చేసిన ప్రతిసారీ నింపాల్సిన ఫారం ఒకటి ఆయనే స్వయంగా గీశారు. అందులో పదకొండో గడి పేరు "పరీక్ష నాటికి శాంపుల్ స్థితి". ఆ గడిని మేమెవరమూ ఎన్నడూ నింపలేదు. ముక్క బల్ల మీద కనబడుతూనే ఉందిగా, ఇంకా స్థితేమిటని మా ధీమా. ఆ గడి ఖాళీగా ఉంటే ఆయన కూడా అడిగేవారు కాదు. మంచి బాసుల్లో నేను చూసిన పెద్ద లోపం ఇదే. సరైన ప్రశ్నని కాగితం మీద అచ్చు వేయిస్తారు, నోటితో అడగరు.

ఇక టెక్నీషియన్ కోటయ్య. నా ఈడువాడే. ముక్కల్ని కోసి, అరగదీసి, తూచి, యంత్రం ఎక్కించేది అతను. వేలితో తడిమి మందం చెప్పేవాడు, ఆ తర్వాత కొలిచే పరికరం సిగ్గుపడుతూ అదే అంకె చూపించేది. వాళ్లది అద్దంకి దగ్గర మిర్చి పండించే కుటుంబం. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆటోలో వచ్చిన తెడ్డు

ఒక కార్తీకమాసంలో మా కాలేజీ గేటు ముందు ఆటో ఆగింది. ఆటోలోంచి ఒక నల్లటి తెడ్డు ఇటూ అటూ బయటికి పొడుచుకొచ్చింది. ముందు కొస గేటు దాటిన పావుగంటకి వెనక కొస దాటింది. మధ్యలో దాన్ని కావలించుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కొత్తపట్నం పక్కన పాలెం నుంచి వచ్చిన పోలేరయ్య.

"ఇరగ్గొట్టే సారు ఎవురు?" అన్నాడు లోపలికొచ్చి.

"నేనే."

"అయితే దీన్ని ఇరగ్గొట్టబాకండి. ఇరుగుద్దో ఇరగదో చెప్పండి, చాలు."

ఇరవై ఆరేళ్లలో మా పనిని ఇంత సూటిగా నిర్వచించిన మనిషిని నేను చూడలేదు.

పోలేరయ్యకి కుడి భుజం నొప్పితో పట్టేసింది. పడవ వెనక నిలబడి తిప్పే పొడవాటి తెడ్డు అతనిది. కర్రతో చేసిన పాతదాన్ని ఇక ఎత్తలేకపోతున్నాడు. వాళ్ల బావమరిది ఒంగోలులో ఫైబర్ పడవలకి మరమ్మతులు చేస్తాడు. అతనెక్కడో కార్బన్ ఫైబర్ గుడ్డ సంపాదించి, జిగురుతో పొరలు పొరలుగా అతికించి ఈ నల్ల తెడ్డు చేసిచ్చాడు. బరువు కర్రదాంట్లో సగం లేదు.

"ఇంజను ఉందిగా పోలేరయ్యా, ఇంకా తెడ్డెందుకు?" అన్నాను తెలివిగా.

అతను నా వైపు జాలిగా చూశాడు. "ఒడ్డు కాడ అలలు దాటేటప్పుడు ఇంజనేం చేసుద్ది సారూ? పడవ మూతి అలకి ఎదురుండాల. తెడ్డుతోనే పట్టుకోవాల. ఆ టయానికి తెడ్డు ఇరిగిందనుకో, పడవ అడ్డం తిరుగుద్ది. అడ్డం తిరిగితే బోర్లా. నేనొక్కణ్ణే కాదు, నా ఇద్దరు తమ్ముళ్లు కూడా ఉంటారు దాంట్లో."

"మరి ఇది గట్టిగానే ఉందిగా?"

"ఇయ్యాల గట్టిగా ఉంది. ఉప్పునీళ్లలో నానినాక? కర్రదైతే నలభై ఏళ్ల నుంచి ఎరుగుదును. ఇరిగేముందు మూలుగుద్ది. ఈ నల్లది మాట్లాడదు సారూ. దీని మనసులో ఏముందో మీరే చెప్పాల. పర్లేదంటే పడవెక్కిస్తా. కాదంటే పడవ అమ్మేసి ఒడ్డున కూకుంటా."

మేష్టారు తెడ్డుని ఈ కొసనుంచి ఆ కొసదాకా నిమిరారు. "ఆరు నెలలు పడుతుంది నాయనా. అదే గుడ్డ, అదే జిగురుతో మీ బావమరిదిని పలకలు చేసివ్వమను. ముక్కలు కోసి సముద్రపు నీళ్లలో నానబెడతాం."

"ఎండాకాలం వేట ఆపేస్తారుగా, మళ్లీ మొదలయ్యేలోగా చెప్తే చాలు అయ్యగారూ," అన్నాడు పోలేరయ్య. తెడ్డుతో పాటే వెళ్లిపోయాడు. మొదట అతను గేటు దాటాడు. తెడ్డు తర్వాత దాటింది.

బస్సులో సముద్రం

కుళాయి నీళ్లలో ఉప్పు కలిపి కానిచ్చేద్దామన్నాను. మేష్టారు ఒప్పుకోలేదు. "పోలేరయ్య కుళాయిలో వేటకి వెళతాడటయ్యా?" అన్నారు. అంతే. నెలకోసారి నేనూ కోటయ్యా కొత్తపట్నం వెళ్లి, తెల్ల డబ్బాల్లో నీళ్లు నింపుకుని, ఒంగోలులో గుంటూరు బస్సెక్కేవాళ్లం. డబ్బాలు నలభై ఉండేవి.

"ఏంటవి? సారాయా?" అన్నాడు కండక్టరు మొదటిసారి.

"సముద్రం," అన్నాడు కోటయ్య.

"ఏందీ?"

"సముద్రపు నీళ్లండీ. కాలేజీకి."

"గుంటూరులో ఉప్పు దొరకట్లేదా?"

"ఉప్పు దొరుకుద్దండీ. సముద్రం దొరకదు."

చిలకలూరిపేట దగ్గర గతుకులో ఒక డబ్బా మూత ఊడింది. బస్సంతా కాళ్లు పైకెత్తి కూర్చుంది. ముందు సీట్లోంచి వెనక సీట్లోకి ఒక అల వెళ్లి, బ్రేకు వేసినప్పుడల్లా తిరిగొచ్చేది. అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ, "నాయనా, నిజంగా సముద్రపు నీళ్లేనా?" అంది.

"నిజంగానే అమ్మమ్మా."

"కార్తీకంలో సముద్రస్నానం చేయించమంటే మా కోడలు వచ్చే ఏడు చూద్దామంది. కాస్త నా నెత్తిన చల్లు తండ్రీ, దానికి చెప్పబాకు."

కోటయ్య మూడు దోసిళ్లు చల్లాడు. చూస్తుండగానే వెనక వరస తయారైంది. గుంటూరు చేరేసరికి ఒక డబ్బా పుణ్యానికి ఖర్చయిపోయింది.

"ఈ డబ్బా ఏమైంది?" అన్నారు మేష్టారు.

"బస్సులో స్నానాలు చేశారండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఉన్నది ఉన్నట్టు రాయి," అన్నారు. ఆ రిజిస్టరు ఇప్పుడూ ఎక్కడో ఉంటుంది. అందులో నా దస్తూరీతో "ఒక డబ్బా: స్నానములు" అని ఉంటుంది. స్నానాల సంగతి రాయడం ఎంత తేలికో అప్పుడు నాకు తెలియలేదు.

నీళ్లు తాగేది ఎవరు

కొత్తగా వచ్చే పిల్లలు ఈ భాగం మాత్రం రెండుసార్లు చదవాలి.

కార్బన్ ఫైబర్ అంటే వెంట్రుకలో పదోవంతు సన్నని నల్లటి దారం. దారంగా ఉన్నంతసేపూ నూలుకండె లాంటిదే, నిలబడమంటే పడుకుంటుంది. దాన్ని జిగురుతో తడిపి గట్టిపడనిస్తే అప్పుడు ఇనుముని ఎగతాళి చేస్తుంది. అంటే అక్కడ ఇద్దరు ఉన్నారు, దారం ఒకరు, జిగురు ఒకరు. దారానికి ఉప్పునీళ్లంటే లెక్కలేదు. నీళ్లు తాగేది జిగురు. మొదట్లో గబగబా తాగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. వారం వారం తూస్తే బరువు పెరగడం కాటా మీద కనబడుతుంది. తాగినకొద్దీ జిగురు మెత్తబడుతుంది, దారం మీద దాని పట్టు సడలుతుంది.

అందుకే నానిన ముక్కని పొడవునా లాగితే పెద్దగా తేడా కనబడదు. అక్కడ బరువు మోసేది దారం. అదే ముక్కని కురచగా కోసి వంచితే పొర మీద పొర జారాలని చూస్తుంది. పేకముక్కల కట్టని వంచి చూడండి, తెలుస్తుంది. అక్కడ మోయాల్సింది జిగురు. లోపం అక్కడ బయటపడుతుంది. తెడ్డు అలల్లో చేసేది వంగే పనే.

ఇంకొకటి చూశాం. బావమరిది తెడ్డు మెడకి అల్యూమినియం పట్టీ వేశాడు. కార్బన్‌కి ఆనించి అల్యూమినియం పెట్టి మధ్యలో ఉప్పునీళ్లు పోస్తే అది బ్యాటరీ అవుతుంది. అల్యూమినియం కరిగిపోతుంది. నమూనాకి మేం వేసిన పట్టీ కొన్ని నెలల్లో తెల్లటి పొడిగా రాలింది. పక్కనే కార్బన్ ఏమీ ఎరగనట్టు నిగనిగలాడుతూ ఉంది. చూసినవాళ్లంతా పట్టీ నాసిరకమన్నారు.

డాబా మీద పది రోజులు

మే నెల వచ్చింది. ఆరు నెలలు నిండాయి. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ దవడలు అరిగిపోయి రిపేరుకు హైదరాబాదు వెళ్లాయి. తిరిగి రావడానికి పది రోజులు. ఆ పది రోజులూ ముక్కలు సముద్రపు నీళ్ల తొట్టిలోనే ఉండాలి. కానీ అప్పటికే వాటిలో సగం బయటికి తీశారు.

కోటయ్య వాటిని డాబా మీద ఎండబెట్టాడు.

ఇది సోమరితనంతో చేసిన తప్పు కాదు. నిజాయితీతో చేసిన తప్పు. మా వైపు తడి అంటే మోసం. మిర్చియార్డులో వ్యాపారి టిక్కీ బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు కాయలు తీసి, చెవి దగ్గర ఆడించి వింటాడు. గింజ గలగలలాడితే సరుకు మంచిది. చప్పుడు లేకపోతే బరువు కోసం నీళ్లు చల్లినట్టు. అలా దొరికినవాడి పేరు అతనికంటే ముందు బస్సెక్కి ఊరు చేరుతుంది. ఆ గాలిలో పెరిగినవాడు తడి వస్తువుని కాటా ఎక్కించాలంటే చేతులు రావు. పైగా ఉప్పునీళ్లలో నానినదాన్ని ఏం చేయాలో మా ఇళ్లలో పసిపిల్లలకి కూడా తెలుసు. మాగాయ ముక్కలు ఉప్పులో మూడు రోజులు ఊరాక ఏం చేస్తారు? పిండి ఎండబెడతారు. అంతే.

డాబా మీద పాత తెల్ల పంచె. దాని మీద ముక్క ముక్కకీ వేలెడు ఎడం. మధ్యాహ్నం ఒంటిగంటకి తిరగెయ్యాలి. ఆ వేళకి సిమెంటు పెనంలా ఉంటుంది గనక ఒంటికాలి మీద గెంతుతూ తిరగెయ్యాలి. పొద్దుగూకేముందు పంచెతో సహా మడిచి లోపల పెట్టాలి, లేకపోతే రాత్రి తేమ పీలుస్తాయి. పదో రోజున ఒక్కో ముక్కనీ గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వినాలి. ఖంగుమంటే ఎండినట్టు. ఆ ఖంగు వినబడినప్పుడు కలిగే తృప్తి, మిర్చి ఎండబెట్టి ఎరిగినవాడికే తెలుస్తుంది.

దవడలు వచ్చాయి. ముక్కల్ని వంచాం. ఠాప్! ఠాప్! ప్రతి ముక్కా అసలు నానబెట్టని ముక్కలాగే గట్టిగా నిలబడి, గట్టిగా విరిగింది. పదకొండో గడి ఖాళీగా వదిలేసి రిపోర్టు రాశాను: ఆరు నెలల సముద్రజలం వల్ల బలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నేను సంతకం పెట్టాను. మేష్టారు సంతకం పెట్టారు.

ఎండుచేప, పచ్చిచేప

ఆ కాగితం పోస్టులో పంపకుండా నేనే తీసుకుని కొత్తపట్నం వెళ్లాను. మంచి కబురు చేత్తో ఇవ్వాలని సరదా. వేట మొదలవడానికి ఇంకా వారం ఉంది. పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. పోలేరయ్య భార్య నాంచారమ్మ ఇసుకలో పట్టా పరిచి ఎండుచేపలు తిరగేస్తోంది.

"ఇరగదు పోలేరయ్యా. నిశ్చింతగా పడవెక్కించు," అన్నాను.

అతను కాగితాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. చదవడం రాదు. అయినా కాసేపు దానివైపే చూశాడు. "ఎట్టా కనిపెట్టారు సారూ?"

ఎవరైనా ఆ ప్రశ్న అడుగుతారేమోనని ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాణ్ణి. చేతులు తిప్పుతూ చెప్పాను. "మీ సముద్రపు నీళ్లే. ఆరు నెలలు నానబెట్టాం. తీసి, పది రోజులు గలగలలాడేట్టు ఎండబెట్టి, అప్పుడు..."

"ఎండబెట్టారా?" నాంచారమ్మ తలెత్తింది.

"అవునమ్మా. చుక్క తడి లేకుండా."

ఆమె పట్టా మీదనుంచి ఒక ఎండుచేప తీసింది. పక్కన గంపలోంచి, ఒడ్డున విసురువలకి పడిన అదే రకం పచ్చిచేప ఇంకోటి తీసింది. రెండింటినీ తోకలు పట్టుకుని నా ముందు నిలబెట్టింది. ఎండుది కర్రలా నిలబడింది. పచ్చిది వేళ్ల మీదుగా వాలిపోయింది.

"ఇదీ ఆ చేపే, ఇదీ ఆ చేపే. ఎండినదాన్ని వంచి చూసి పచ్చిదాని సంగతి చెప్తావా సారూ?"

పోలేరయ్య ఆమెని కసిరాడు. "సదువుకున్నోళ్లతో ఏందే నీకు!" అని, నా వైపు తిరిగి, చాలా మర్యాదగా అడిగాడు. "అది కాదు సారూ, నా తెడ్డు ఎండేదెప్పుడు? నీళ్లలో ఉన్నప్పుడే గదా దాంతో నాకు పని?"

మే నెల గుంటూరు ఎండలకి అలవాటుపడ్డవాడికి జూన్ నెల కొత్తపట్నంలో చలి పుట్టడం చూశారా? నాకు పుట్టింది. మాది కొలత తప్పు కాదు. ఎప్పుడు కొలవాలో తప్పు. ఆ కాగితం నమ్మి ముగ్గురు అన్నదమ్ములు అలల్లోకి వెళ్లబోతున్నారు.

"కాగితం ఇలా ఇవ్వు," అన్నాను.

"ఏం సారూ?"

"ఇందులో తప్పుంది. వారంలో మళ్లీ వస్తాను. అప్పటిదాకా ఆ నల్లదాన్ని పడవెక్కించనని నాకు మాటివ్వు."

అతను కాగితం ఇచ్చాడు. భుజం తడుముకుంటూ సముద్రం వైపు చూసి, "వారమే సారూ," అన్నాడు.

చప్పుడు లేని ముక్క

అదృష్టం కొద్దీ సగం ముక్కలు ఏడాది నాననిద్దామని తొట్టిలోనే ఉంచాం. మర్నాడు పొద్దున వాటిని తీసి, పైతడి గుడ్డతో తుడిచి, తడితడిగానే పెద్దమ్మ నోట్లో పెట్టాం. ముందు పొడవునా లాగాం. తేడా లేదు. నా ప్రాణం కాస్త లేచొచ్చింది. తర్వాత కురచ ముక్కని వంచాం.

ఠాప్ అనలేదు. ఎవరో తడిగుడ్డ పిండినట్టు చిన్న చప్పుడు. పొర మీద పొర జారిపోయింది. పాత అంకెకంటే బాగా కిందనే ఆగిపోయింది. రెండోది వంచాం, మూడోది వంచాం. అన్నీ అంతే, గుసగుసలే.

మేష్టారు రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. వేలు పదకొండో గడి మీద ఆగింది. మొదటిసారి ఆ ప్రశ్న నోటితో అడిగారు.

"ఎండబెట్టింది ఎవరు?"

ఫ్యాను తిరుగుతోంది. నేను విరిగిన ముక్కల్ని వరసగా పేరుస్తూ ఉండిపోయాను.

"నేనేనండి," అన్నాడు కోటయ్య.

మేష్టారు తిట్టలేదు. చెయ్యి చాపారు. "తొట్టి గది తాళంచెవి ఇవ్వు." కోటయ్య ఇచ్చాడు. ఆయన దాన్ని నా చేతిలో పెట్టారు. ఆ రోజునుంచి తొమ్మిదేళ్లపాటు, మేష్టారు రిటైరయ్యేదాకా, వేలితో మందం చెప్పగల ఆ మనిషి పొద్దున్నే నా బల్ల దగ్గరికొచ్చి, "సార్, తాళం ఇస్తారా?" అని అడిగేవాడు.

మూడో రోజున మేష్టారు నాతో పాటు కొత్తపట్నం వచ్చారు. ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, పోలేరయ్య ఎదురుగా నిలబడి, "మేం చెప్పింది తప్పు నాయనా," అన్నారు. ఒక ప్రొఫెసరు ఆ మాటని సాకులేమీ తగిలించకుండా అనడం నేను చూసింది అదొక్కసారే.

"అయితే ఇది పనికిరాదా అయ్యగారూ?"

"పనికొస్తుంది. తడిసినప్పుడు దాని బలమెంతో ఇప్పుడు తెలిసింది. ఆ బలం చాలేట్టుగా ఒళ్లు పెంచాలి."

వంగే చోట ఇంకొన్ని పొరలు వేయించాం. నీళ్లు ఎక్కువ తాగేది కోసిన అంచులు గనక వాటిని జిగురుతో మూయించాం. అల్యూమినియం పట్టీకీ కార్బన్‌కీ మధ్య గాజు ఫైబర్ గుడ్డ చుట్టించాం, ఒకదాన్నొకటి తాకకుండా. బావమరిది నాలుగు రోజుల్లో చేసిచ్చాడు. తెడ్డు కాస్త బరువెక్కింది. పోలేరయ్య ఎత్తి చూసి, "పర్లేదు, పురుటిబిడ్డ కాదు, ఏడాది బిడ్డ," అన్నాడు.

వేట మొదలైన రోజు తెల్లవారగానే నేనూ మేష్టారూ ఒడ్డున నిలబడ్డాం. తాటిచెట్టంత అల లేచింది. నల్ల తెడ్డు విల్లులా వంగింది. పడవ మూతి అలకి ఎదురుగానే ఉంది. ఇంకో అల. ఇంకోటి. ఆ మూడోది దాటాక నేను ఊపిరి వదిలితే నా ముందున్న ఇసుక లేచిపోయింది.

మధ్యాహ్నం తిరిగొచ్చాక, "ఏమంది పోలేరయ్యా తెడ్డు?" అన్నాను.

"ఏమీ అన్లా సారూ. కొత్తకోడలు గదా," అన్నాడు, భుజం తిప్పుతూ.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం అతను ఆ తెడ్డుని ఆటోలో వేసుకొచ్చేవాడు. అది ఎన్ని నీళ్లు తాగిందో తూచి చెప్పేవాళ్లం. తూచే ముందు తుడిచేవాళ్లం, ఎండబెట్టేవాళ్లం కాదు.

అల్లిన ముక్క

ఇచ్చిన మాట ప్రకారం ఇప్పుడు లెక్క సరిచేస్తాను. డబ్బాలు నలభై కాదు, నాలుగు. అల తాటిచెట్టంత కాదు, మనిషెత్తు. తుమ్ముకి లేచింది ఒక్క ముక్క, దొరికింది. ముసలమ్మ నిజం, దోసిళ్లు నిజం, నాంచారమ్మ చేపలు నిజం.

అల్లింది ఇది. కోటయ్యది మిర్చి కుటుంబం కాదు. వాళ్ల నాన్న చీరాలలో బడిపంతులు. మిర్చి కల్లంలో పెరిగింది నేను. ఏడు మైళ్ల దూరాన ఎద్దుల్ని బెదరగొట్టిన కేక పెట్టింది ఆ కల్లం పక్క ఇంట్లోనే. ఆ తెల్ల పంచె నాది. ఒంటిగంట ఎండలో ఒంటికాలి మీద గెంతింది నేను. గోటితో కొట్టి, ఖంగు విని, తృప్తిపడింది నేను.

"నేనేనండి" అని కోటయ్య అన్నమాట మాత్రం నిజం. తొమ్మిదేళ్లు తాళంచెవి నా జేబులో ఉండడం కూడా నిజం.

పోయిన వారం అతనికి ఫోన్ చేశాను. "కోటయ్యా, డాబా సంగతి రాస్తున్నాను."

"ఏ డాబా అండీ?" అన్నాడు. అతనికి అబద్ధం చెప్పడం ఇప్పటికీ రాలేదు.

"ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నావు?"

"మీరు ఎండబెడుతుంటే చూశానుగా. తొట్టిలో ఉండాల్సినవని నాకు తెలుసు. ఇంజనీరు గారు, ఏదో ఆలోచించే చేస్తున్నారనుకుని ఊరుకున్నా. అదీ తప్పేగా. మేష్టారు అడిగినప్పుడు మీరు చెప్తారని ఒక నిమిషం ఆగా. అక్కడ పోలేరయ్య కాచుక్కూర్చున్నాడు కదండీ. ఎవరో ఒకరు చెప్తేగానీ పని ముందుకు కదలదు."

ఒక నిమిషం అన్నాడు. నేనైతే గంట అని చెప్పేవాణ్ణి. అతను పెంచడు గనక అది నిమిషమే. ఆ నిమిషం నాకు సరిపోలేదు. పట్టీ పొడిగా రాలింది, కార్బన్ నిగనిగలాడుతూ ఇరవై ఆరేళ్లు పూర్తిచేసుకుంది.

మేష్టారు ఇప్పుడు లేరు. ఆయన గీసిన ఫారం ఖాళీది ఒకటి నా బీరువాలో దొరికింది. ఈ రోజు దాన్ని బల్ల మీద పరిచి, పోలేరయ్య తెడ్డు ముక్కల మొదటి పరీక్ష పేరు పైన రాసి, పదకొండో గడి నింపాను.

పరీక్ష నాటికి శాంపుల్ స్థితి: పొడి. ఎండబెట్టినది: నేను.